ముడి గ్లిజరిన్: శుద్ధి చేసి అమ్మాలా, గ్యాస్ ప్లాంట్‌లో పోయాలా?

ఆటోనగర్ యూనిట్:
విశాఖ హోటళ్ల నుంచి వాడేసిన వంటనూనె తెచ్చి బయోడీజిల్ చేసే యూనిట్, రోజుకి టన్ను నడుపుతాం. టన్నుకి 10 కిలోల పొటాష్ కాస్టిక్ (పొటాషియం హైడ్రాక్సైడ్), మెథనాల్ రసాయన లెక్కకి రెట్టింపు. బయోడీజిల్ అడుగున దిగే నల్లటి పొర, అదే ముడి గ్లిజరిన్, 180 నుంచి 200 కిలోలు. అందులో అసలు గ్లిజరిన్ వంద కిలోలే, మిగతాది మెథనాల్, సబ్బు, పొటాష్. శుద్ధి చేసి పరవాడ ఫార్మాసిటీలో అమ్ముకోమని కొందరు, పేడ గ్యాస్ ప్లాంట్‌లో కలిపేయమని కొందరు. ఏది గిట్టుబాటు?

వేపగుంట గ్యాస్‌పొయ్యి:
ఫార్మాసిటీ ఆశ వదిలేయండి మాస్టారూ. దగ్గుమందుల్లో కల్తీ గొడవల తర్వాత గ్లిజరిన్ కొనేవాళ్లు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం పరీక్ష లేకుండా డ్రమ్ము ముట్టుకోరు. పైగా సరుకు ఎక్కడిదని అడుగుతారు. బజ్జీల బాండీలోంచి వచ్చిందంటే ఏ క్వాలిటీ ఆఫీసరు సంతకం పెడతాడు?
గ్యాస్ లెక్క చూడండి. కిలో గ్లిజరిన్ పూర్తిగా జీర్ణమైతే 0.43 ఘనపు మీటర్ల మీథేన్. వంద కిలోలకి 43. వేడి లెక్కన 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు ఒకటిన్నరకి పైనే.

పరవాడ డిస్టిలేషన్:
కాగితం మీద బాగానే ఉంది. వంద కిలోలు ఎన్ని టన్నుల స్లర్రీలో (పేడ, నీళ్ల కలగలుపు) కలుపుతారు? ఒక శాతం దాకా భయం లేదు, రెండు మూడు శాతానికి చాలా జాగ్రత్తగా ఎక్కించాలి. ఒక శాతమంటే రోజుకి పది టన్నుల స్లర్రీ. ముప్పై రోజులు నిలవాలంటే 300 ఘనపు మీటర్ల డైజెస్టర్, అంటే గ్యాస్ పుట్టే ట్యాంకు, కావాలి. అంతటిది మీ ఆటోనగర్ షెడ్డు పక్కన కట్టిస్తారా?
మోతాదు మించితే ఏమవుతుందో కూడా చెప్పండి. గ్లిజరిన్ చాలా తొందరగా పులుస్తుంది. ఆమ్లాలు చేసే సూక్ష్మజీవులు పరిగెడతాయి, మీథేన్ చేసేవి అందుకోలేవు. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.8 కిందకి జారిందంటే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మంట ఆరిపోతూ ఉంటుంది. గ్లిజరిన్‌లో ఆ జీవులకి కావలసిన నత్రజని ఏమీ లేదు కాబట్టి పేడ లేకుండా హోటల్ వ్యర్థాలతోనే నడిపే ప్లాంట్ ఇంకా ముందు చతికిలబడుతుంది.

వేపగుంట గ్యాస్‌పొయ్యి:
అందుకే ఒకే ప్లాంట్‌లో పొయ్యమనలేదు. నాలుగైదు చోట్లకి పంచండి. మీ శుద్ధి పద్ధతి చెప్పండి, అదెంత సుఖమో చూద్దాం.

పరవాడ డిస్టిలేషన్:
చెప్తాను. వరస తప్పితే మొత్తం పాడే. సబ్బు ఉండగానే మెథనాల్ కోసం వేడి చేస్తే నురగ పొంగి, ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లోకి ఎక్కేస్తుంది. అందుకని ముందు యాసిడ్. 85 శాతం ఫాస్ఫోరిక్ యాసిడ్ మీ 10 కిలోల పొటాష్‌కి సుమారు 18 కిలోలు, ఆపైన ఇంకొంచెం. మూతపెట్టిన గిన్నెలో, నిదానంగా, కలుపుతూ పోయండి. పీహెచ్ 4 కిందకి వచ్చాక సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు పైకి తేలతాయి. రాత్రంతా వదిలేస్తే పైన నల్లటి నూనె, మధ్యలో గ్లిజరిన్, అడుగున తెల్లటి పొటాషియం ఫాస్ఫేట్ పలుకులు.
పై పొర తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కొంచెం పొటాష్‌తో పీహెచ్ 7కి తెచ్చి ఫిల్టర్ చేయండి. మెథనాల్ ఉన్నప్పుడే ఉప్పు బాగా దిగుతుంది, అది పోయాక గ్లిజరిన్‌లో ఇరుక్కుంటుంది. ఆ తర్వాతే మెథనాల్ లాగాలి. దాని మరుగు స్థానం 64.7 డిగ్రీలైనా గ్లిజరిన్ పట్టుకుని ఉంటుంది కాబట్టి చివరి కొంచెం రావాలంటే గిన్నె వంద దాటాలి. మిగిలేది 80–85 శాతం సరుకు. దాన్ని పెద్ద రిఫైనర్‌కి అమ్ముతారు, ఫార్మాకి కాదు.

సబ్బు బట్టీ:
ఫాస్ఫోరిక్ ధర తెలిసే రాస్తున్నారా? సల్ఫ్యూరిక్‌తో ఎనిమిది కిలోల్లో పొటాష్ క్షారం విరిగిపోతుంది, సబ్బు విరగ్గొట్టడానికి ఇంకాస్త.

వేపగుంట గ్యాస్‌పొయ్యి:
సల్ఫ్యూరిక్ వాడిన సరుకు నా వైపు పంపకండి. ఫిల్టర్‌లో తప్పించుకున్న సల్ఫేట్ డైజెస్టర్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. కుళ్లిన గుడ్డు వాసన ఒక్కటే కాదు, బర్నరూ ఇంజనూ తినేస్తుంది. హైడ్రోక్లోరిక్ అయితే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెకే చిల్లులు పడతాయి.

పరవాడ డిస్టిలేషన్:
ఈ ఒక్క మాటకి ఒప్పుకుంటాను. ఇంకొకటి: పీహెచ్ సరిచేయకుండా యాసిడ్‌తోనే బాగా వేడెక్కిస్తే గ్లిజరిన్‌లోంచి నీళ్లు విడిపోయి అక్రోలిన్ వస్తుంది. నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు అదే. బాయిలర్లో అరకొరగా కాల్చినా అంతే, కాబట్టి పొయ్యిలో పోసేద్దామనే మూడో సలహా ఎవరూ ఇవ్వకండి.

సబ్బు బట్టీ:
మూడోది నాది. గ్యారేజీల్లో చేతులు, నేల కడిగే సబ్బుకి ఆ పై పొర కొవ్వు ఆమ్లం, కొంచెం గ్లిజరిన్ చాలు. పొటాష్ కాబట్టి బార్ కట్టదు, మెత్తగా ఉంటుంది. మెథనాల్ మొత్తం పోయాకే, అది చర్మం గుండా కూడా ఎక్కుతుంది.

ఆటోనగర్ యూనిట్:
రిఫైనర్ పది టన్నుల ట్యాంకర్ నింపమంటాడు. వంద కిలోల చొప్పున మూడు నెలలు దాటుతుంది కదా?

పరవాడ డిస్టిలేషన్:
దాటుతుంది. అందుకే చుట్టుపక్కల మూడు నాలుగు యూనిట్లు ఒకే యాసిడ్ వాడి, ఒకే ట్యాంకులో పోయాలి. ఒకరు సల్ఫ్యూరిక్, ఇంకొకరు హైడ్రోక్లోరిక్ అంటే రిఫైనర్ కొనడు. అతను వ్యాక్యూమ్‌లో, 10 మిల్లీమీటర్ల పాదరసం పీడనంలో 170 డిగ్రీల దగ్గర గ్లిజరిన్‌ని ఆవిరిగా లాగేటప్పుడు ఉప్పు, సరుకుని మరిగించే రీబాయిలర్ గొట్టాలకి పెచ్చు కడుతుంది, ఆ శుభ్రం ఖర్చు మీ రేటులోంచే కోస్తాడు. డ్రమ్ములకి బిరడా బిగించండి, జూలైలో మన సముద్రపు గాలిలో తెరిచి ఉంచితే గ్లిజరిన్ తేమ పీల్చి పలచబడుతుంది.

వేపగుంట గ్యాస్‌పొయ్యి:
మూడు యూనిట్లు ఒక మాట మీదకి వచ్చేలోపు నాకు రోజుకి పది కిలోలు పంపండి. మెథనాల్ లాగేసినది, ఫాస్ఫోరిక్‌తో విరిచినది. మొదటి వారం రెండు కిలోలతో మొదలెట్టి, పీహెచ్ చూసుకుంటూ పెంచుతాను. కాలవలోకి మాత్రం వదలకండి. వంద కిలోల గ్లిజరిన్ కాలవ నీళ్లలోంచి 122 కిలోల ఆక్సిజన్ లాగేస్తుంది.