కయాక్‌ల రవాణా: పికప్ ట్రక్కులకు బెడ్ ర్యాక్ ఎంపిక, బిగింపు

రవాణా సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. సరస్సు దగ్గర మన సంఘం జరపబోయే కుటుంబ దినోత్సవానికి కయాక్‌లను (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలను) చేర్చే బాధ్యత మన బృందానిది. మొత్తం 6 కయాక్‌లు ఉన్నాయి. వాటిలో రెండు 14 అడుగుల పొడవు, ఒక్కొక్కటి సుమారు 27 కిలోల బరువు ఉంటాయి. మిగిలిన నాలుగు 10 అడుగులవి, ఒక్కొక్కటి సుమారు 23 కిలోలు. పికప్ ట్రక్కులు ఇస్తామని ఇద్దరు సభ్యులు ముందుకు వచ్చారు. రెండింటి బెడ్ (వెనుక సామాను పెట్టే భాగం) పొడవూ ఐదున్నర అడుగులే కాబట్టి, 14 అడుగుల కయాక్‌ను బెడ్‌లో పడుకోబెట్టి టెయిల్‌గేట్ (బెడ్ వెనుక తలుపు) దించినా దాని పొడవులో సగం వరకు బయటికే వేలాడుతుంది. అందువల్ల బెడ్ పైన అమర్చే చట్రం, అంటే ర్యాక్, తప్పనిసరి.

ర్యాక్ మీద ఎన్ని కయాక్‌లు పడతాయన్న ప్రశ్నతో మొదలుపెట్టకుండా, మన కయాక్‌లలో అన్నిటికంటే పొడవైనది ఎక్కడ ఆనుతుంది, ఎక్కడ తగులుతుంది అన్నది ముందు చూద్దామని నా అభ్యర్థన. ఐదున్నర అడుగుల బెడ్ మీద ర్యాక్‌లోని రెండు క్రాస్‌బార్‌ల (అడ్డ కడ్డీల) మధ్య దాదాపు నాలుగున్నర అడుగుల దూరం దొరుకుతుంది. కయాక్ పొడవులో మూడో వంతు దూరం ఉంటే ఆధారం చాలుతుందని సాధారణంగా లెక్క వేస్తారు కాబట్టి 14 అడుగుల వాటికి ఇది దాదాపు సరిపోతుంది. అయితే కయాక్ మధ్యభాగం బెడ్ మధ్యకు వచ్చేలా పెడితే, ముందు భాగం నాలుగు అడుగులకు పైగా క్యాబ్ మీదికి వస్తుంది, వెనుక భాగం అంతే దూరం టెయిల్‌గేట్ దాటుతుంది. బార్‌లు క్యాబ్ పైకప్పు కంటే దిగువన ఉండే పొట్టి ర్యాక్‌లు ఎంత దృఢమైనవైనా మనకు పనికిరావు. కయాక్ అడుగుకూ పైకప్పుకూ మధ్య కనీసం నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి, ఎందుకంటే గతుకుల్లో కయాక్ ముక్కు కిందికీ పైకీ ఊగుతుంది. పైకప్పు మీద యాంటెన్నా ఉంటే దాని ఎత్తును కూడా ఈ లెక్కలో కలపాలి.

ముందు బార్ క్యాబ్ మీద, వెనుక బార్ బెడ్ మీద పెడితే దూరం ఇంకా పెరుగుతుంది కదా అని ఒకరు అడిగారు. మన రెండు ట్రక్కుల్లోనూ క్యాబ్, బెడ్ ఒకే ఛాసిస్ మీద విడివిడిగా బిగించి ఉంటాయి. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఛాసిస్ మెలితిరుగుతుంది, ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి. రెండింటికీ కలిపి కట్టిన కయాక్ ఆ మెలికనంతా తన మీద తీసుకుంటుంది. రెండు బార్‌లూ బెడ్ మీదే ఉండాలన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

ఇక బరువు. మొదటి ట్రక్కు డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్ ప్రకారం మనుషులూ సామానూ కలిపి 500 కిలోలు మించకూడదు. నలుగురు పెద్దవాళ్లకు 300, అల్యూమినియం ర్యాక్‌కు 35, నాలుగు కయాక్‌లకు 100, వాటిని నిలబెట్టే జె-క్రేడిల్ జతలకు 16 కిలోలు కలిపితే 451 అవుతుంది. మిగిలిన 49 కిలోలలో తెడ్లు, లైఫ్ జాకెట్లు సరిపోతాయి గానీ ఐసు పెట్టెలు మాత్రం వేరే కార్లలో రావాలి. ఉక్కు ర్యాక్ బరువెక్కువ కాబట్టి అల్యూమినియం దానినే సూచిస్తున్నాను. నాలుగు కయాక్‌లు మొదటి ట్రక్కులో, రెండు రెండవ దానిలో అన్నది నా ప్రతిపాదన. మీ అభ్యంతరాలు తెలుపగలరు.

మొదటి ట్రక్కు యజమాని:

సమన్వయకర్త గారికి నమస్కారం. మీ లెక్కతో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక విషయం చేర్చాలి. మనం చూస్తున్న ర్యాక్‌కు తయారీదారు రెండు పరిమితులు ఇచ్చారు. చదునైన రోడ్డు మీద కదులుతున్నప్పుడు 180 కిలోలు, మట్టి దారిలో 120 కిలోలు మాత్రమే. ట్రక్కు ఆగి ఉన్నప్పుడు మోయగలదని ప్రకటనలో పెద్ద అక్షరాలతో చూపే సంఖ్య మన ప్రయాణానికి వర్తించదు. సరస్సుకు చేరే చివరి దారి కంకర రోడ్డు. క్రేడిల్‌ల బరువు కూడా ర్యాక్ మీదే పడుతుంది కాబట్టి మన 116 కిలోలు ఆ పరిమితికి మరీ దగ్గరగా వస్తున్నాయి.

రంధ్రాలు వేయకుండా క్లాంప్‌లతో బిగించే ర్యాక్‌కు నాకు అభ్యంతరం లేదు. రంధ్రం వేసిన చోట రేకు అంచుకు వెంటనే రంగు పూయకపోతే తుప్పు మొదలవుతుంది. ఒక్క కార్యక్రమం కోసం ఆ పని అవసరం లేదని భావిస్తున్నాను.

భద్రతా బాధ్యురాలు:

116 కిలోలు అంగీకరించలేను. పిల్లలున్న కార్లు ఆ ట్రక్కు వెనుకే వస్తాయి. ఒక్కో ట్రక్కులో ఒక పొడవైనది, రెండు చిన్నవి చొప్పున మూడేసి పెడితే, క్రేడిల్‌లతో కలిపి ర్యాక్ మీద 85 కిలోలే ఉంటాయి, ట్రక్కు మోసే మొత్తం బరువు కూడా 420 కిలోలకు తగ్గుతుంది. కయాక్‌లను పక్కకు ఒరిగించి నిలబెడితే మూడింటికీ బార్ వెడల్పు చాలుతుంది. పైగా కయాక్ అడుగు కంటే పక్క అంచు గట్టిది కనుక ఎండలో ప్లాస్టిక్ మెత్తబడినా సొట్టలు పడే అవకాశం తక్కువ.

కట్టే విషయంలో రాచెట్ పట్టీలు వద్దు. మీట తిప్పేకొద్దీ ఎంత బిగుస్తోందో చేతికి తెలియదు, ప్లాస్టిక్ ఒళ్లు లోపలికి నొక్కుకుపోతుంది. క్యామ్ బకిల్ పట్టీలను చేతి బలంతో లాగితే చాలు. ఒక్కో కయాక్‌కు ఒక్కో బార్ దగ్గర ఒక పట్టీ చొప్పున రెండు పట్టీలు, వాటికి తోడు ముందూ వెనుకా ఒక్కో తాడు ఉండాలి. ముందు తాడు తప్పనిసరి అని పట్టుబట్టడానికి కారణం గాలి. గాలి ఒత్తిడి వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి వేగం 50 నుండి 70కి పెరిగితే ఆ ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, క్యాబ్ మీదికి చాచుకున్న ముక్కును పైకి ఎత్తుతుంది. ఆ తాడును బానెట్ కింద బోల్టుతో బిగించిన పట్టీ ఉంగరానికో, లాగుడు కొక్కేనికో కట్టాలి. కదలకుండా పట్టి ఉంచేంత బిగువు చాలు, కయాక్ వంగేంత లాగకూడదు. పట్టీ గాలికి అదురుతూ మోగకుండా ఒక మెలిక తిప్పి బిగించండి.

వెనుక భాగం టెయిల్‌గేట్ దాటి ఎంత దూరం వస్తే ఎర్ర గుడ్డ కట్టాలన్నది స్థానిక రోడ్డు నిబంధనల్లో చూసుకోవాలి. నిబంధన అడగకపోయినా కట్టమని నా మనవి.

రెండవ ట్రక్కు యజమాని:

మూడేసి చొప్పున సరే. నా ట్రక్కు బెడ్ రెయిల్‌ల (పక్క గోడల పై అంచుల) మీదుగా ప్లాస్టిక్ లైనర్ (తొడుగు) ఉంది, పైన మడత కవర్ ఉంది. కవర్ పక్క పట్టాలు సరిగ్గా క్లాంప్ కూర్చోవలసిన చోటే ఉన్నాయి. ఆ వారానికి రెండూ తీసేస్తాను.

రవాణా సమన్వయకర్త:

చాలా ధన్యవాదాలండీ. లైనర్ తీయడం ఎంతో ముఖ్యం, ఎందుకంటే ప్లాస్టిక్ మీద బిగించిన క్లాంప్ మొదట గట్టిగానే అనిపించినా, ఒత్తిడికి ప్లాస్టిక్ అణిగేకొద్దీ వదులవుతుంది. క్లాంప్ లోహాన్నే పట్టుకోవాలి.

భద్రతా బాధ్యురాలు సూచించిన విధంగా మూడేసి కయాక్‌లనే నిర్ణయంగా తీసుకుంటున్నాను. బిగింపు పని శనివారం ఉదయం మొదటి ట్రక్కు యజమాని గారి ఇంటి వద్ద చేద్దాం. ముందుగా నాలుగు క్లాంప్‌లనూ వదులుగా పెట్టి, రెండు బార్‌లూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసి, టేపుతో మూల నుండి మూలకు కొలవాలి. రెండు కర్ణాలూ సమానంగా వచ్చిన తరువాతే నట్లు బిగించాలి. టార్క్ రెంచి (నట్టు ఎంత బిగువుగా ఉందో చూపే రెంచి) ఉన్నవారు దయచేసి తీసుకురండి. సూచనల పత్రంలో ఇచ్చిన అంకె కంటే ఎక్కువ బిగిస్తే బెడ్ రెయిల్ అంచు వంగిపోతుంది. ఆ రోజే ఖాళీ ర్యాక్‌తో కొంత దూరం నడిపి, ఆగి, నట్లన్నీ మళ్లీ సరిచూద్దాం. కార్యక్రమం రోజున కూడా బయలుదేరిన కాసేపటికి ఒకసారి, కంకర రోడ్డు మొదలయ్యే ముందు ఇంకోసారి ఆగి పట్టీలనూ నట్లనూ చూడాలి.

ర్యాక్, కయాక్‌లతో కలిపి ట్రక్కు మొత్తం ఎత్తు కొలిచి, ఆ అంకెను డ్రైవర్ ఎదుట అతికించే పని నేను తీసుకుంటాను. తిరుగు ప్రయాణంలో కయాక్‌లలోని నీళ్లు పూర్తిగా వంచేసిన తరువాతే ఎక్కించాలి. ఎత్తైన ర్యాక్ మీదికి 27 కిలోల కయాక్ ఎక్కించడానికి ఒక్కో ట్రక్కుకు నలుగురు, కదలని ముక్కాలిపీట ఒకటి కావాలి. ఇప్పటికి ఐదుగురమే ఉన్నాం, ఇంకో ముగ్గురు గురువారం లోపు పేర్లు ఇవ్వగలరు.