కంప్యూటర్ మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది, విండోస్ మళ్లీ వేయాలా?

ప్రశ్న: నమస్కారమండీ. నా డెస్క్‌టాప్ విండోస్ 10. నెల రోజులుగా రోజుకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఒక్కోసారి నిమిషం తర్వాత దానంతటదే తేరుకుంటుంది, ఒక్కోసారి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వస్తోంది. వైరస్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. విండోస్ తనలో జరిగినవి నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం కెర్నల్ పవర్ 41 అని ఉంది. పవర్ సప్లై పోయిందా? నా థీసిస్ మొత్తం ఇందులోనే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు థీసిస్‌ను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అది అయ్యాకే మిగతావి. విండోస్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

41 అసలు కారణం చెప్పదండీ. మీరు బటన్ నొక్కి ఆపాక, మళ్లీ ఆన్ చేసినప్పుడు 'క్రితంసారి సరిగా షట్‌డౌన్ కాలేదు' అని విండోస్ రాసుకునే మాట అది. దానికి ముందు నిమిషాల్లో ఏం నమోదైందో చూడండి.

ఈసారి ఆగితే వెంటనే బటన్ నొక్కకుండా క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ పూర్తిగా ఆగిపోలేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది. చాలావరకు అది డిస్కే. లైటులో చలనం లేకపోతే ర్యామ్, వేడి, డ్రైవర్లు, పవర్ సప్లై వైపు చూడాలి.

మరొకరు: ర్యామ్ మీద అనుమానం వస్తే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయొద్దు. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ముందు అది తీసేయండి.

అడిగినవారు: కాపీ చేసేశాను. ఈ రోజు ఆగినప్పుడు క్యాప్స్ లాక్ లైటు పనిచేసింది, మౌస్ కూడా కదిలింది. క్యాబినెట్ మీద డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది. అదే సమయానికి ఈవెంట్ వ్యూయర్‌లో 129, 153 ఉన్నాయి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5 (డిస్క్‌లో చెడిన, అనుమానమున్న భాగాల లెక్కలు) రెండూ సున్నా, సీ7 దగ్గర మాత్రం పెద్ద అంకె ఉంది.

జవాబు: అయితే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే కేబుల్‌ను అనుమానించాలి. 129 అంటే డిస్క్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసింది. 153 అంటే అదే పనిని మళ్లీ ప్రయత్నించింది. 05, సీ5 పెరిగి ఉంటే డిస్కే పాడవుతోందనుకునేవాణ్ని, అప్పుడు కాపీ చేసుకోకుండా చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలు వెతికి సరిచేసే విండోస్ టూల్) నడపడం కూడా ప్రమాదమే. సీ7 మాత్రం డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోతోందని చెబుతుంది. ప్లగ్ తీసేసి ఆ సాటా కేబుల్ మార్చండి, బోర్డు మీద పోర్టు కూడా మార్చండి. సీ7 అంకె ఇక తగ్గదు, అది పెరగడం ఆగిందా లేదా అన్నదే చూసుకోండి.

అడిగినవారు: కొత్త కేబుల్ వేసి 12 రోజులైందండీ. ఒక్కసారి కూడా ఆగలేదు. సీ7 అంకె అక్కడే ఉంది, 129 మళ్లీ రాలేదు. అనుమానం ఎందుకని మెమ్‌టెస్ట్ కూడా నడిపాను, నాలుగు పాస్‌లూ ఎర్రర్లు లేకుండా అయ్యాయి. మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు.