పాత ఫ్యాక్టరీలు చూపించే ఈవెంట్‌కి వెళ్తే అసలు ఏం చూడాలి?

ప్రశ్న:
మూతపడ్డ మిల్లులు, గనులు తిప్పి చూపించే ఓపెన్ డేలు ఈమధ్య బాగా పెరిగాయి కదా, ఒకదానికి వెళ్ళా. ఖాళీ షెడ్డు, తుప్పు పట్టిన ఇనుము, గైడ్ ఏమో ఎప్పుడు కట్టారు ఎవరు కట్టారు అని చెప్పుకుంటూ పోయాడు, గంటన్నర తర్వాత ఫొటోలు తప్ప ఏం మిగల్లేదు. గుడికో కోటకో వెళ్తే ఏం చూడాలో తెలుస్తుంది, ఇక్కడ తెలీట్లా. లోపం నాదేనా?

జవాబు 1:
మీది కాదండి, ఆగిపోయిన మెషీన్ చూస్తే ఎవరికైనా అంతే. నడిపి చూపించే రోజు కనుక్కుని వెళ్ళండి. ఇంగ్లండ్‌లో క్రాఫ్టన్ పంపింగ్ స్టేషన్ అని ఉంది, అక్కడ 1812 నాటి బౌల్టన్ అండ్ వాట్ కంపెనీ ఆవిరి ఇంజన్ కాలువకి నీళ్ళు తోడేది, మామూలుగా ఇప్పుడు ఆ పని కరెంటు పంపులదే గానీ ఏడాదిలో కొన్ని రోజులు బాయిలర్ వెలిగించి జనం ముందు దాన్నే నడుపుతారు, అదే చోట, అదే పని. ఆ ఇంజన్‌కుండే పెద్ద దూలం ఊగడం చూస్తే గైడ్ నోరు విప్పక్కర్లేదు.

జవాబు 2:
నడిచే మెషీన్ అన్నిచోట్లా ఎక్కడ దొరుకుతుంది? తల పైకెత్తి చూడండి, అంతే. అప్పట్లో ఒక్కో మెషీన్‌కి ఒక్కో మోటార్ లేదు, ఒకే ఇంజనో నీటి చక్రమో తిరిగితే పైన పొడుగ్గా ఉండే ఇనప కడ్డీ (లైన్ షాఫ్ట్) తిరిగేది, దాన్నించి బెల్టులు కిందికి. షాఫ్ట్ పాతసామానుకి పోయినా పైకప్పు దూలాలకి బ్రాకెట్లు, గోడలో కన్నాలు ఉండిపోతాయి, ఆ వరస పట్టుకుంటే మెషీన్లు ఎక్కడ ఉండేవో మీకే తెలిసిపోద్ది. ఇంగ్లండ్‌లో ఐరన్‌బ్రిడ్జ్ (1779) కూడా అంతే, ఊరికే వంతెన అనుకుంటాం, దగ్గరికెళ్తే పోత ఇనుముని వడ్రంగి చెక్క బిగించినట్టు బిగించారు, ఇనుముతో ఎలా కట్టాలో ఎవరికీ అలవాటు లేని రోజులు మరి.

జవాబు 3:
బ్రాకెట్లు సరే, అక్కడ పనిచేసిన పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చారేమో చూసి వాళ్ళ పక్కన చేరండి. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నేత మిల్లుల్లో మగ్గాల మోతకి మాట వినపడక పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు, దానికి మీ-మాయింగ్ అని పేరు కూడా ఉంది. ఇది ఏ గోడ మీదా కనపడదు. జర్మనీలో రూర్ ప్రాంతంలో 2001లో ఎక్స్‌ట్రాషిఫ్ట్ అని ఒక ఉత్సవం మొదలైంది, రాత్రిపూట పాత గనుల్లో లైట్లు, మ్యూజిక్, సరదాగా వెళ్ళడానికి భలే ఉంటుంది గానీ నేర్చుకోడానికి పగటిపూటే బెటర్ (నా అభిప్రాయం, తిట్టకండి).

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఫొటోలు మళ్ళీ తీసి చూశా. పైన వరసగా ఆరు బ్రాకెట్లు ఉన్నాయి. గైడ్ సరిగ్గా వాటి కిందే నిలబడి తారీఖులు చెప్తున్నాడు 😀