లేజర్ గీత గాజులో కాంతికి దారి అవుతుంది, స్ఫటికంలో ఎందుకు కాదు?

ప్రశ్న

ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (సెకనులో లక్ష కోట్లలో వెయ్యో వంతు స్థాయి అతి చిన్న పల్సులు ఇచ్చేది) గాజు లోపల వేవ్‌గైడ్లు, అంటే కాంతిని నడిపించే దారులు, గీయవచ్చని 1996లో జపాన్‌లోని హిరావో బృందం చూపింది. సిలికా గాజులో లేజర్ నడిచిన గీత వెంట వక్రీభవన గుణకం (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) కొద్దిగా పెరిగి, ఆ గీతలోనే కాంతి ప్రయాణిస్తుందని చదివాను. లేజర్లలో వాడే యాగ్ (ఇట్రియం అల్యూమినియం గార్నెట్) స్ఫటికంలో మాత్రం రెండు సమాంతర గీతలు గీసి, వాటి మధ్య ఉన్న భాగంలో కాంతిని నడిపిస్తారట. రెండింటిలోనూ లేజర్ చేసేది వేడెక్కించడమే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తుంది? పారదర్శకమైన గాజు అసలు లేజర్ కాంతిని ఎలా పీల్చుకుంటుందో కూడా దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. సిలికా గాజులో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సుమారు 9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, 800 నానోమీటర్ల ఫోటాన్ దగ్గర ఉన్నది 1.55 మాత్రమే, అందుకే మామూలు తీవ్రతలో ఆ కాంతి గాజులోంచి నేరుగా వెళ్లిపోతుంది. అయితే వంద ఫెమ్టోసెకండ్ల పల్స్‌ను ఒకటి రెండు మైక్రాన్ల బిందువుకు కుదించినప్పుడు ఐదారు ఫోటాన్లు ఒకేసారి శోషణం చెందుతాయి, అలా విడుదలైన ఎలక్ట్రాన్లు మరింత శక్తి పుంజుకుని ఢీకొడుతూ ఇంకొన్నింటిని విడిపిస్తాయి. ఇంతటి తీవ్రత నాభి (కాంతి కేంద్రీకృతమయ్యే ఆ బిందువు) దగ్గర తప్ప మరెక్కడా ఉండదు కాబట్టి ఉపరితలం చెక్కుచెదరకుండా లోపలి భాగం మాత్రమే వేడెక్కుతుంది.

ఎలక్ట్రాన్లు కొన్ని పికోసెకండ్లలో తమ శక్తిని పరమాణువులకు అప్పగిస్తాయి, ఆ వేడి నాభి నుంచి చుట్టూ వ్యాపించడానికి మైక్రోసెకండ్ వరకు పడుతుంది. ఆలోపే తరువాతి పల్స్ వచ్చేటట్లయితే, అంటే సెకనుకు సుమారు పది లక్షల పల్సులు పడితే, వేడి పోగుపడి కరిగిన ప్రాంతం నాభి కంటే చాలా పెద్దదవుతుంది. సెకనుకు వేలల్లోనే పడితే ప్రతి పల్స్ తన పని తాను విడిగా చేస్తుంది.

నా దృష్టిలో గాజు విషయంలో అసలు నిర్ణయం జరిగేది వేడెక్కేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు. చాలా గాజులు వేగంగా చల్లారితే కాస్త వదులైన నిర్మాణంతో గడ్డకడతాయి. సిలికా దీనికి విరుద్ధం: సుమారు 1000 నుంచి 1500 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఎంత ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర దాని నిర్మాణం బిగుసుకుపోతే అంత సాంద్రంగా ఉంటుంది, సాంద్రత పెరిగితే గుణకమూ పెరుగుతుంది. లేజర్ తగిలిన చోట మూడు, నాలుగు సిలికాన్ పరమాణువులున్న చిన్న వలయాలు పెరిగినట్లు రామన్ వర్ణపటాలు (చెదిరిన కాంతిని బట్టి నిర్మాణం తెలిపేవి) చూపుతాయి. రంగు కేంద్రాలే (కాంతిని పీల్చే నిర్మాణ లోపాలు) గుణకం పెరగడానికి కారణమని అనుకునేవారూ ఉన్నారు, కానీ వాటిని వేడితో చెరిపేసిన తరువాత కూడా వేవ్‌గైడ్ నిలిచే ఉంటుంది. గుణకంలో పెరుగుదల 0.001 నుంచి కొన్ని వేలవ వంతుల వరకే అయినా సరిపోతుంది, ఎందుకంటే సాధారణ సింగిల్ మోడ్ ఆప్టికల్ ఫైబర్‌లో కోర్‌కు (కాంతి నడిచే మధ్య భాగం) క్లాడింగ్‌కు (దాని చుట్టూ ఉన్న పొర) గుణకంలో ఉన్న తేడా కూడా దాదాపు 0.005 మాత్రమే.

రెండో సమాధానం

పై వివరణకు స్ఫటికం సంగతి జోడిస్తాను. స్ఫటికంలో పరమాణువులు ముందే క్రమంగా అమరి ఉంటాయి కాబట్టి లేజర్ శక్తి చాలావరకు ఆ క్రమాన్ని భంగపరుస్తుంది. చెదిరిన భాగం ఎక్కువ చోటు ఆక్రమించి, దాని వక్రీభవన గుణకం తగ్గుతుంది. అదే సమయంలో అది చుట్టుపక్కల స్ఫటికాన్ని నొక్కుతుంది, ఆ ఒత్తిడి వల్ల పక్కనున్న గుణకం మారుతుంది. అందుకే సుమారు 15 నుంచి 20 మైక్రాన్ల ఎడంతో రెండు గీతలు గీస్తే వాటి నడుమ కాంతి నిలుస్తుంది. లేజర్ తగలని స్ఫటికమే కోర్‌గా మిగులుతుంది కనుక స్ఫటికంలో కలిపిన నియోడిమియం వంటి అయాన్ల లేజర్ లక్షణాలు అక్కడ దెబ్బతినవు. ఇంతకంటే నాకు నచ్చే పద్ధతి 2005లో నియోడిమియం యాగ్‌లో చూపినది: అనేక గీతలను గొట్టంలా చుట్టూ అమర్చి, మధ్య భాగాన్ని కోర్‌గా వాడుకుంటారు.

లిథియం నయోబేట్ అనే మరో స్ఫటికంలో తక్కువ శక్తితో గీస్తే గీత మీదే గుణకం పెరుగుతుంది, కానీ అది అసాధారణ కిరణానికి (ఆ స్ఫటికంలో కాంతి చీలే రెండు ధ్రువణాల్లో ఒకదానికి) మాత్రమే వర్తిస్తుంది, పైగా ఓ మోస్తరు వేడికే చెరిగిపోతుంది. దీర్ఘకాలం పనిచేయవలసిన పరికరానికి దాన్ని నేను సూచించను.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. అయితే గాజు ఏదైనా గీత మీద గుణకం పెరుగుతుందనుకోవచ్చా?

మూడో సమాధానం

అలా అనుకోకూడదండి. కొన్ని ఫాస్ఫేట్ గాజుల్లో నాభి దగ్గర గుణకం తగ్గుతుంది. వేడి పోగుపడే పద్ధతిలో మూలకాలు కూడా కదులుతాయి: కొన్ని సిలికేట్ గాజుల్లో సిలికాన్ మధ్యకు చేరి, కాల్షియం వంటివి అంచులకు పోతాయి. అందువల్ల సాంద్రతతో పాటు మూలకాల పాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

మీ ప్రశ్నకు అవతలి కొసన ఇంకొక దారి ఉంది. గాజును లేజర్‌తో వేడిచేసి అందులోనే ఏకస్ఫటికాన్ని (అంతటా ఒకే అమరిక ఉన్న స్ఫటికం) పెంచవచ్చు. లాంథనం బోరోజర్మనేట్ గాజులో ఇలా ఏకస్ఫటిక వేవ్‌గైడ్లు తయారుచేసినట్లు అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించారు. ఇక్కడ లేజర్‌ను మెల్లగా, సెకనుకు కొన్ని పదుల మైక్రాన్ల వేగంతోనే జరపాలి. స్ఫటికం పెరిగే వేగాన్ని లేజర్ దాటిపోతే కొత్త బీజాలు వేరే దిశల్లో మొలిచి, వాటి హద్దుల దగ్గర కాంతి చెదిరిపోతుంది.