రాళ్ళ దారులకి క్వాడ్ రిమ్ములు: స్టీలా, అల్లాయా, బీడ్‌లాకా?

చాండ్లర్_గుంటూరోడు

అందరికీ నమస్కారం. అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 700 సీసీ యుటిలిటీ క్వాడ్ (రాళ్ళలో, మట్టిలో నడిపే నాలుగు చక్రాల బండి) తీసుకున్నా, జపాన్ బండి. రిమ్ములు 12 అంగుళాలు, బోల్ట్ ప్యాటర్న్ 4×110 (110 మి.మీ. వలయంలో నాలుగు బోల్టులు), ముందు టైర్లు 25×8 (ఎత్తు, వెడల్పు అంగుళాల్లో), వెనకవి 25×10. రిమ్ములు కంపెనీతో వచ్చినవి కావు, పాత ఓనరు వేయించిన అల్లాయ్‌లు. ఏ రకమో వాటి మీద ఎక్కడా రాసిలేదు.

మొన్న శనివారం టేబుల్ మెసా రోడ్డు వైపు ఒక వాష్‌లో (ఎండిన వాగులో) దిగుతుంటే కుడి ముందు చక్రం గట్టిగా ఒక రాయికి కొట్టుకుంది. ఠంగుమని మోత, ఆ వెంటనే గాలి దిగిపోయింది. రిమ్ముకి సొట్ట. ఎలాగో పాక్కుంటూ ట్రైలర్ దాకా వచ్చాం.

అక్టోబర్లో ఫ్రెండ్స్‌తో యూటాలోని మోయాబ్‌కి ప్రోగ్రామ్ ఉంది. ఫిన్స్ అండ్ థింగ్స్ అనే దారి ఖాయం, ధైర్యం చాలితే హెల్స్ రివెంజ్. ఇక్కడి షాపులో అడిగితే నాలుగూ బీడ్‌లాక్‌లు (టైరు అంచుని బోల్టుల రింగుతో పట్టి ఉంచే రిమ్ములు) వేసుకో, పనిలో పని 14 అంగుళాలకి మారిపో అంటున్నాడు. చెప్పిన రేటు వింటే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. నిజంగా అంత అవసరమా? రాళ్ళలో తిరిగేవాళ్ళు ఏం వాడుతున్నారో చెప్పండి.

శాక్రమెంటో_రైడర్

కళ్ళు మూసుకుని బీడ్‌లాక్ తీసుకోండి. నేను రూబికాన్ రాళ్ళ దారి వైపు వెళ్తుంటా. 3, 4 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తో నడిపినా టైరు రిమ్ము నుంచి ఊడిరాదు, రాయి మీద పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. పైన రింగు దెబ్బతింటే ఆ రింగు ఒక్కటే మార్చుకోవచ్చు, రిమ్ము మొత్తం కొనక్కర్లేదు. ఒకసారి పెట్టే ఖర్చే కదా.

తాడిపత్రి_టైర్ల_షాపు

తమ్ముడూ, ముందు నువ్వొకటి చెప్పాల. సొట్ట ఏ అంచుకి పడింది? బయటికి కనపడే అంచుకా, బండి వైపుండే లోపలి అంచుకా? అది తెలీకుండా ఎవరు ఏ రిమ్ము కొనమన్నా గాల్లో చెప్పినట్టే.

మా నాయనది తాడిపత్రిలో లారీల పంక్చర్ షాపు. నాపరాళ్ళ లోడుకొట్టే లారీలే ఎక్కువ వచ్చేవి. డిస్కు (లారీ రిమ్ము) విప్పి కింద పడేయంగానే మా నాయన అడిగే మొదటి మాట "యాడ తగిలిందప్పా?" అనే. నేనిప్పుడు అరిజోనాలోనే మీసా ఊళ్ళో ఉంటా, నా క్వాడ్‌కీ అదే లెక్క.

బయటి అంచు వంగిందంటే బండి పక్కకి జారి రాయిని రాసుకున్నట్టు. లోపలి అంచు వంగిందంటే వేరే కథ. గాలి చాలక, నిలువుగా ఉన్న రాయికి వేగంగా కొట్టుకుని, టైరు పూర్తిగా నలిగి ఆ దెబ్బ రిమ్ముకే పోయినట్టు. మన 5+2 రిమ్ముల్లో (ముఖం నుంచి లోపలికి 5, బయటికి 2 అంగుళాలు) బోల్టులేసే ముఖం బయటి వైపుకి దగ్గర్లో ఉంటుంది, అందుకని ఆ అంచుకి ఆసరా ఉంది. లోపల 5 అంగుళాలు ఏ ఆసరా లేకుండా ఉంటుంది, వంగేది అదే.

ఇప్పుడు బీడ్‌లాక్ సంగతి. శాక్రమెంటో అన్న చెప్పింది తప్పు కాదు. కానీ మామూలుగా దొరికే బీడ్‌లాక్ పట్టుకునేది బయటి బీడును (రిమ్ములో కూర్చునే టైరు అంచును) మాత్రమే. నీ సొట్ట లోపలైతే ఆ రింగు నీకేం చేస్తుంది? పైగా బరువు, చుట్టూరా బోల్టులు, వాటిని అప్పుడప్పుడూ టార్క్ రెంచితో చూసుకోవాల. వారం వారం కొండలెక్కే మనిషికి సరే. నెలకోసారి పోయేవాడికి శానా ఎక్కువ.

14 అంగుళాల మాట మాత్రం అసలు వినొద్దు. టైరు ఎత్తు 25 అనుకో. 12 రిమ్ము మీద పక్కగోడ ఆరున్నర అంగుళాలు వస్తుంది. అదే ఎత్తులో 14 వేస్తే ఐదున్నర. రాయికీ రిమ్ముకీ మధ్యన ఉండే రబ్బరులో ఒక అంగుళం నీ చేత్తో నువ్వే తీసేసినట్టు. పెద్ద రిమ్ము పార్కింగ్‌లో బాగుంటుంది, రాళ్ళలో కాదు.

స్టీలా అల్లాయా అంటే నా ఓటు స్టీలుకే. అందం లేదు, తుప్పు పడుతుంది, బరువు. కానీ వంగుతుంది, పగలదు. దారిలోనే విప్పి, కింద చెక్క దిమ్మ పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలేసి అంచు లేపుకోవచ్చు. టైరు చుట్టూ రాచెట్ స్ట్రాప్ బిగించి, సబ్బునీళ్ళు పూసి గాలి కొడితే బీడు కూర్చుంటుంది. పోత పోసిన అల్లాయ్ కొంతవరకు ఓర్చుకుంటుంది, ఆ పైన చీలుతుంది. ఫోర్జ్‌డ్ (ఒత్తి చేసిన) అల్లాయ్ దానికన్నా గట్టిది, రేటు కూడా అట్లే ఉంటుంది. అల్లాయే కావాలంటే లోపలి అంచు మందంగా చేసిన హెవీ డ్యూటీ రకం చూడు, ఎస్టీఐ కంపెనీ వాళ్ళ హెచ్‌డీ3 లాంటిది. ఒక బీడ్‌లాక్ డబ్బుకి స్టీలు రిమ్ములు రెండు మూడొస్తాయి, ఒకటి స్పేరుగా ట్రైలర్‌లో పడేసుకో.

చాండ్లర్_గుంటూరోడు

అన్నా, ఇప్పుడే గరాజ్‌లోకెళ్ళి చక్రం తిప్పి చూశా. లోపలి అంచుకే! రెండు అంగుళాల పొడవున వంగింది. బయట గీతలున్నాయి అంతే. గాలి ఎంతుందో చెప్పలేను, ఇంట్లో ఉన్నది కారు గేజ్. ఆ రోజు వెనక ర్యాక్ మీద ఐస్ బాక్సు, నీళ్ళ క్యాను ఉన్నాయి. షాపతను 4+3 ఆఫ్‌సెట్ (లోపలికి 4, బయటికి 3 అంగుళాలు) వేస్తే బండి పల్టీ కొట్టదని కూడా అన్నాడు, అదెలా?

బాజా_మెకానికల్

ఆఫ్‌సెట్ గురించి నేను చెప్తానండి. 5+2 నుంచి 4+3కి మారితే ఒక్కో చక్రం ఒక అంగుళం బయటికి జరుగుతుంది, మొత్తం వెడల్పు 2 అంగుళాలు పెరుగుతుంది. పక్కవాలులో స్థిరంగా ఉంటుందన్నమాట నిజమే. కానీ బేరింగుల మీద, బాల్ జాయింట్ల మీద లోడు పెరుగుతుంది, రాయి తగిలినప్పుడు హ్యాండిల్ ఎక్కువగా గుంజుతుంది. సన్నటి దారిలో బయటికొచ్చిన చక్రమే ముందుగా రాళ్ళకి తగులుతుంది.

కాలేజీలో మేం బాజా ఎస్‌ఏఈ ఇండియా (విద్యార్థులు బండి కట్టి పోటీపడే పోటీ) కి బండి కట్టాం, పీతంపూర్‌లో నడిపాం. అప్పట్లో అక్కడ ఇంజిన్ అందరికీ ఒకటే, 305 సీసీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, 10 హార్స్‌పవర్. అంత చిన్న ఇంజిన్‌తో చక్రం దగ్గర ప్రతి అరకిలో తెలిసేది. చక్రం బరువెక్కితే సస్పెన్షన్ దాన్ని త్వరగా కిందికి నొక్కలేదు, రాయి దాటాక గాల్లో తేలుతుంది. మీ 700 సీసీకి ఇంజిన్ సంగతి బెంగ లేదు గానీ బీడ్‌లాక్ బరువు విషయంలో ఇది లెక్కలోకి తీసుకోండి.

ఇంకో రెండు. నట్టు కూర్చునే ఆకారం రిమ్ము రంధ్రానికి సరిపోవాలి. కోన్ సీటు రిమ్ముకి ఫ్లాట్ నట్టు వేస్తే ఎంత బిగించినా వదులవుతుంది. అల్లాయ్ నుంచి స్టీలుకి మారుతున్నారు కదా, నట్లు కూడా చూసుకోండి. రెండోది, బ్రేక్ క్యాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య సందు. 12 అంగుళాల రిమ్ములో అది తక్కువ. చిన్న రాయి ఇరుక్కుంటే అల్లాయ్ లోపల గాడి కోసేస్తుంది. చక్రం ఎలాగూ విప్పారు, లోపల చుట్టూ వేలితో తడిమి చూడండి.

శాక్రమెంటో_రైడర్

లోపలి అంచు అంటే ఒప్పుకుంటా, బీడ్‌లాక్‌తో అది ఆగదు. కానీ మోయాబ్‌లో గాలి తగ్గించి నడిపితేనే మజా. అప్పుడు టైరు ఊడితే నన్ను తలుచుకుంటారు.

తాడిపత్రి_టైర్ల_షాపు

అన్నా, మోయాబ్‌లో ఆ రెండు దారుల్లోనూ ఎక్కువ భాగం ఇసుకరాయి, గరుకు కాగితం మాదిరి పట్టుకుంటుంది. అక్కడ 3 పీఎస్ఐకి దిగాల్సిన పని లేదు. మన టేబుల్ మెసా రాళ్ళే కత్తుల్లా ఉంటాయి.

తమ్ముడూ, 0 నుంచి 15 వరకు చూపే తక్కువ ప్రెషర్ గేజ్ కొను. కారు గేజ్‌కి 4కీ 6కీ తేడా తెలీదు. బండి మాన్యువల్‌లో ఎంతుందో అదే నీ కనీసం. వెనక ర్యాక్ మీద లోడుంటే అక్కడే ఒకటి రెండు పెంచు, టైరు మీద రాసిన హద్దు దాటకుండా.

గాలి చూసేది కొండ దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడు. చాండ్లర్ ఎత్తు 1,200 అడుగులు, మోయాబ్ 4,000. ఇంట్లో 5 పెట్టుకుని పోతే అక్కడ గేజ్ ఆరు దాటి చూపిస్తుంది, బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. వేడి కూడా అంతే. పొద్దున 10 డిగ్రీల చలిలో 5 పెట్టినది, మధ్యాహ్నం టైరు 40కి వేడెక్కితే 7 అవుతుంది. వేడి మీద చూసి గాలి తీసేస్తే మరుసటి పొద్దున 3 పీఎస్ఐతో రాళ్ళలోకి దిగుతావు. లోపలి అంచులు పోయేది శానా మట్టుకు ఇట్లే.

టైర్లు అరిగుంటే డబ్బు అక్కడ పెట్టు. సైజు మార్చొద్దు. ముందు ఒక ఎత్తు, వెనక ఒక ఎత్తు అయితే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్లు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. మ్యాక్సిస్ వాళ్ళ బిగ్‌హార్న్ టైరు కొంటే 2.0 కాకుండా పాత మోడల్ చూడు, బరువెక్కువ గానీ పక్కలు మందం.

ఆ సొట్ట రిమ్ముని మాత్రం సుత్తితో కొట్టొద్దు, అది అల్లాయ్. గాలి నింపి ఆ అంచు చుట్టూ సబ్బునీళ్ళు పూయి. లోహంలోంచి బుడగలొస్తే చీలినట్టే, తుక్కుకేసెయ్. బీడు దగ్గర మాత్రమే వస్తే ఫోటో పెట్టు, చూసి చెప్తా.