‘శిశుర్వేత్తి పశుర్వేత్తి’ శ్లోకం థియరీ వద్దంటోందా?

శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః
కో వేత్తి కవితాతత్త్వం శివో జానాతి వా న వా

కీబోర్డో గిటారో సొంతంగా నేర్చుకున్నవాళ్లను కాస్త థియరీ కూడా చూడమంటే, చాలామంది ఈ శ్లోకం మొదటి సగం అప్పజెబుతారు. పసిపాపకు, పశువుకు, పాముకు కూడా తెలిసే సంగీతానికి ఈ లెక్కలన్నీ ఎందుకని వాదన. రెండో సగమేమో కవితాతత్త్వం ఎవరికి తెలుసు, శివుడికైనా తెలుసో లేదో అంటుంది.

నాకు ఆ అన్వయం కుదరదనిపిస్తుంది. వాటికి తెలుస్తుందన్నది గానరసం, అంటే వినేవాడి సంగతి. కవిత దగ్గరికొచ్చేసరికి ‘రసం’ పోయి ‘తత్త్వం’ వచ్చింది చూడండి (పాఠాంతరాలున్నాయి, ఎక్కువగా వినిపించేది ఇదే). తలాడించడానికి రసం చాలు. వాయించడానికి చాలదు. పాముకు బయటి చెవులే లేవన్న గొడవ ఇప్పుడొద్దు.

విని పట్టేసేవాళ్ల చెవి మీద నాకేం అనుమానం లేదు. పాట వేళ్లకు మెట్ల (కీల) వరుసగా మాత్రమే గుర్తుంటేనే చిక్కు. ఒకటి శ్రుతిలో (‘స’ను C మెట్టు మీద పెట్టుకుని) సాధన చేసినదాన్ని పాడేవాళ్లు అయిదున్నరలో (G#లో) అడిగితే, శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ కోసం తడుముకోవాలి. అదే పాటను స్వరాలుగా గుర్తుపెట్టుకున్నవాడికి ‘స’ ఎక్కడో తెలిస్తే చాలు, స్వరాల మధ్య దూరాలు మారవు కదా.

కీబోర్డు మీద నల్లమెట్లే తీసుకోండి. స్థాయికి (‘స’ నుంచి పై ‘స’ దాకా) అయిదు. నాలుగున్నర శ్రుతి మెట్టును (F#) ‘స’ అనుకుని నల్లవాటి మీదే పైకి వెళ్తే మోహన రాగం. అయిదున్నరను ‘స’ చేస్తే మధ్యమావతి, ఆరున్నరను (A#) చేస్తే హిందోళం. ఒకటిన్నర (C#) నుంచి శుద్ధసావేరి, రెండున్నర (D#) నుంచి శుద్ధధన్యాసి. దీన్నే గ్రహభేదం అంటారు. ఈ అయిదింటినీ చెవితో విడివిడిగా పట్టుకోవచ్చు, కాదనను. కానీ అన్నీ అవే మెట్లని తెలిశాక ఒకదానికి చేసిన సాధన మిగతా నాలుగింటికీ పనికొస్తుంది. ఇంత లాభం ఉన్నదాన్ని ‘లెక్కలు’ అని కొట్టిపారేయడం నాకు అర్థం కాదు.

— బాగుందండీ, మరి గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) మాటేమిటి? ఆ మెట్లు వరసగా నొక్కినంత మాత్రాన హిందోళం అయిపోతుందా?

— అవదండీ. స్వరస్థానాలు దొరుకుతాయి, అంతే. మిగతాది వినే నేర్చుకోవాలి. కాకపోతే ‘గాంధారాన్ని (‘గ’ స్వరాన్ని) ఇంకాస్త ఊపు’ అని ఎవరైనా చెప్తే, అందులో గాంధారం ఏదో తెలియాలి కదా!