కోపం జీన్స్‌లోనే వస్తుందా?

ప్రశ్న: మావాడికి ఆరేళ్ళు, కోపమొస్తే కంచం తోసేసి గోడవైపు తిరిగి కూర్చుంటాడు, అచ్చం మా మామగారిలాగే, కానీ ఆయన పోయాకే వీడు పుట్టాడు, చూసి నేర్చుకునే ఛాన్సే లేదు కదా. అత్తయ్యేమో "రక్తం ఎక్కడికి పోతుందే" అంటారు. సైకాలజీ చదివినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు 1: కొంతవరకు నిజమేనండి. 1979లో అమెరికాలోని మిన్నెసోటాలో థామస్ బౌచార్డ్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టిన స్టడీలో, పసితనంలోనే విడిపోయి వేరే వేరే ఇళ్ళల్లో పెరిగిన ఐడెంటికల్ కవలల స్వభావాలు బాగానే కలిశాయి. అలాగని కోపానికి ఒక్క జీన్ అంటూ ఏం లేదు, బోలెడు కలిసి తలా కాస్త పనిచేస్తాయి.

జవాబు 2: ఎంఏఓఏ అనే ఒక్క జీన్‌కి "వారియర్ జీన్" అని పేరుపెట్టి, కోపమంతా దానివల్లే అని చెప్పే వీడియోలు మాత్రం నమ్మకండి బాబూ. 2002లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళో పుట్టిన మగపిల్లల మీద వచ్చిన పేపర్‌లో, ఈ ఎంఏఓఏ జీన్ తక్కువగా పనిచేసే రకం ఉండి చిన్నప్పుడు హింస పడ్డవాళ్ళలోనే గొడవలకు దిగే స్వభావం ఎక్కువ కనిపించింది, మంచిగా పెరిగినవాళ్ళలో పెద్ద తేడా లేదు. అన్నట్టు, మీవారు అలుగుతారా?

ప్రశ్న అడిగినావిడ: ఆయన కంచం తోయరు, అన్నంలో చెయ్యి కడిగేసి లేచిపోతారు 🙈